ఇంటర్నెట్ ఎక్స్ఛేంజ్: ఆంధ్ర, తెలంగాణలలో చరిత్ర

వేర్వేరు కంపెనీల నెట్‌వర్కులు ఒకచోట కలిసి, తమ వినియోగదారుల డేటాను నేరుగా ఇచ్చిపుచ్చుకునే కేంద్రాన్ని ఇంటర్నెట్ ఎక్స్ఛేంజ్ అంటారు. ఒక భవనంలో పెద్ద స్విచ్ ఉంటుంది. ప్రతి కంపెనీ తన ఫైబర్‌ను అక్కడిదాకా తెచ్చి ఒక పోర్టు తీసుకుంటుంది. తమ దగ్గర ఏయే చిరునామాలు ఉన్నాయో రౌటర్లు బోర్డర్ గేట్‌వే ప్రోటోకాల్ ద్వారా ఒకదానికొకటి తెలుపుకుంటాయి. ఇలా నేరుగా కలవడం పీరింగ్. మిగతా ప్రపంచానికి వెళ్లే దారిని పెద్ద కంపెనీ దగ్గర డబ్బిచ్చి కొనుక్కోవడం ట్రాన్సిట్.

అవసరం

కడప జిల్లా వేముల మండలంలో, యురేనియం గనితో పేరుపడ్డ తుమ్మలపల్లెలో పక్కపక్క ఇళ్లవారు రెండు కంపెనీల కనెక్షన్లు తీసుకున్నారనుకుంటే, ఒకరు పంపిన వీడియో రెండో ఇంటికి చేరే దారిని ఆ కంపెనీలు ఎక్కడ కలుస్తాయన్నదే నిర్ణయిస్తుంది. చెన్నైలో కలిస్తే డేటా చెన్నై దాకా పోయి వెనక్కి వస్తుంది. సింగపూర్‌లో కలిస్తే సముద్రం దాటి రావాలి. ఫైబర్‌లో కాంతి మిల్లీసెకనుకు సుమారు 200 కిలోమీటర్లు ప్రయాణిస్తుంది. చెన్నై నుంచి సింగపూర్‌కు సముద్రగర్భ కేబుల్ పొడవు 3,000 కిలోమీటర్లకు పైమాటే కాబట్టి, పోయిరావడానికే 30 మిల్లీసెకన్లు దాటుతుంది. ఆలస్యంకన్నా ఖర్చు పెద్ద సమస్య. ఊళ్లోనే తేలిపోవలసిన డేటాకు స్థానిక కంపెనీ అంతర్జాతీయ ధర కట్టవలసి వస్తుంది.

ప్రపంచంలో తొలి కేంద్రాలు

1990ల మొదట్లో అమెరికాలో మొదలైన ఈ కేంద్రాలు 1994లో లండన్‌కు, 1995లో ఫ్రాంక్‌ఫర్ట్‌కు విస్తరించాయి. వర్ధమాన దేశాలకు పాఠంగా నిలిచింది మాత్రం కెన్యా. 2000 చివర నైరోబీలో స్థానిక కంపెనీలు కలిసి పెట్టుకున్న ఎక్స్ఛేంజ్‌ను, ప్రభుత్వ టెలికాం సంస్థ అభ్యంతరం చెప్పడంతో, నియంత్రణ సంస్థ కొద్ది రోజులకే మూయించింది. లైసెన్సు సంపాదించి 2002లో అది మళ్లీ తెరుచుకుంది. 2012 నాటి ఇంటర్నెట్ సొసైటీ అధ్యయనం ప్రకారం, 200 నుంచి 600 మిల్లీసెకన్ల దాకా ఉండిన ఆలస్యం 2 నుంచి 10 మిల్లీసెకన్లకు దిగింది. నేపాల్ కూడా 2002లోనే సొంత ఎక్స్ఛేంజ్ పెట్టుకుంది.

భారతదేశంలో: 2003కు ముందు

టెలిగ్రాఫ్ తీగలు పడిన 1850ల నుంచి ఇంటర్నెట్ వచ్చేదాకా దేశంలో వార్తా మార్గాలు చాలావరకు ప్రభుత్వం చేతిలోనే ఉన్నాయి. 1986లో విద్యాసంస్థల కోసం ఎర్నెట్, 1991లో సాఫ్ట్‌వేర్ ఎగుమతిదారుల కోసం సాఫ్ట్‌వేర్ టెక్నాలజీ పార్క్స్ ఆఫ్ ఇండియా ఏర్పడ్డాయి. హైదరాబాద్ అమీర్‌పేటలోని మైత్రీవనంలో ఈ రెండో సంస్థ కేంద్రం నుంచి ఉపగ్రహ లింకుల ద్వారా సాఫ్ట్‌వేర్ ఎగుమతులు సాగాయి. 1995 ఆగస్టు 15న ప్రభుత్వ సంస్థ విదేశ్ సంచార్ నిగమ్ సామాన్యులకు ఇంటర్నెట్ అందించింది. 1998 నవంబరులో ప్రైవేటు కంపెనీలకు అనుమతి దొరికింది. కంపెనీలు పెరిగాయి గాని, అవి దేశంలో కలుసుకునే చోటు లేదు. ఢిల్లీ నుంచి ఢిల్లీకే వెళ్లే ఈమెయిల్ కూడా విదేశం చుట్టి వచ్చేది.

నిక్సీ

ఈ లోటు తీర్చడానికి 2003 జూన్ 19న నేషనల్ ఇంటర్నెట్ ఎక్స్ఛేంజ్ ఆఫ్ ఇండియా (నిక్సీ) లాభాపేక్ష లేని కంపెనీగా నమోదైంది. మొదట నోయిడా, ముంబై, చెన్నై, కోల్‌కతాలలో కేంద్రాలు తెరిచి, తర్వాత హైదరాబాద్, బెంగళూరు, అహ్మదాబాద్‌లకు విస్తరించింది. 2005 నుంచి .ఇన్ పేర్ల నమోదు బాధ్యత కూడా దీనిదే.

నిక్సీకి ప్రత్యేకత తెచ్చినది దాని లెక్కల విధానం. డేటా కోరిన నెట్‌వర్క్, పంపిన నెట్‌వర్క్‌కు గిగాబైట్ల చొప్పున చెల్లించవలసి ఉండేది. వెబ్‌సైట్లను దేశంలోనే ఉంచేవారిని ప్రోత్సహించడం దీని ఉద్దేశం. అయితే చిన్న కంపెనీల వినియోగదారులు పంపేదానికన్నా తెచ్చుకునే డేటాయే ఎక్కువ. దాంతో కలయిక వల్ల మిగలవలసిన డబ్బు చెల్లింపులకే పోయేది. నిక్సీని మరింత ప్రయోజనకరంగా మార్చే మార్గాలపై 2007 ఏప్రిల్‌లో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ సిఫార్సులు చేసింది. తర్వాతి దశాబ్దంలో వచ్చిన ప్రైవేటు ఎక్స్ఛేంజ్‌లు ఇలాంటి చెల్లింపు లేకుండా, పోర్టు అద్దె మాత్రమే తీసుకుని వేగంగా పెరిగాయి. నిక్సీ కూడా చిన్న పట్టణాలకు విస్తరించి, కేంద్రాల సంఖ్యను 77కు చేర్చింది.

హైదరాబాద్

2008 డిసెంబరు 3 నుంచి 6 వరకు ఐక్యరాజ్య సమితి ఇంటర్నెట్ గవర్నెన్స్ ఫోరం మూడో సమావేశం హైదరాబాద్‌లో ‘అందరికీ ఇంటర్నెట్’ అనే అంశంపై జరిగింది. 2016 నవంబరులో, ఇంటర్నెట్ పేర్లను, చిరునామాలను సమన్వయం చేసే ఐకాన్ సంస్థ సమావేశానికీ ఈ నగరమే ఆతిథ్యమిచ్చింది. డేటా సెంటర్లు పెరిగినకొద్దీ ఎక్స్‌ట్రీమ్ ఐఎక్స్ వంటి ప్రైవేటు ఎక్స్ఛేంజ్‌లు వచ్చాయి. ఆమ్‌స్టర్‌డామ్ ఎక్స్ఛేంజ్ కూడా కంట్రోల్‌ఎస్ సంస్థతో కలిసి ఇక్కడ అడుగుపెట్టింది. ఈ మధ్యలో, 2014 జూన్ 2న రాష్ట్ర విభజనతో ఈ కూడలి తెలంగాణకు దక్కింది.

ఫైబర్‌నెట్, రాయలసీమ

విభజన తర్వాత ఆంధ్రప్రదేశ్ ముందుగా తీగల మీద దృష్టి పెట్టింది. 2015లో ఏర్పడిన ఆంధ్రప్రదేశ్ స్టేట్ ఫైబర్‌నెట్ సంస్థ మట్టి తవ్వే పని లేకుండా, ఉన్న కరెంటు స్తంభాల మీదే సుమారు 24,000 కిలోమీటర్ల ఫైబర్ లాగింది. ఖర్చూ కాలమూ కలిసొచ్చేలా చేసిన తెలివైన ఏర్పాటు ఇది. రాతినేల ఎక్కువగా ఉన్న రాయలసీమ జిల్లాలకు మరింతగా సరిపోయింది. విశాఖపట్నంలో నియంత్రణ కేంద్రం, సబ్‌స్టేషన్లలో పరికరాలు ఏర్పాటయ్యాయి. ఇంటిదాకా తీగ లాగే పని ఊరి కేబుల్ ఆపరేటర్లది. 2017 డిసెంబరు 27న రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ దీన్ని ప్రారంభించారు. నెలకు 149 రూపాయలకే ఇంటర్నెట్, టీవీ, ఫోన్ ఒకే బాక్సులో అందాయి.

ఫైబర్ ఊరికి చేరింది గాని, కలయిక దూరంగానే ఉండిపోయింది. హైదరాబాద్–బెంగళూరు రహదారి మీద కర్నూలు, ముంబై–చెన్నై రైలు మార్గంలో గుంతకల్లు, కడప ఉన్నాయి. రైలు పట్టాల వెంట రైల్‌టెల్ ఫైబర్ సాగుతుంది. సీమ మీదుగా ఇంత డేటా పోతున్నా చుట్టుపక్కల పెద్ద ఎక్స్ఛేంజ్‌లన్నీ హైదరాబాద్, చెన్నై, బెంగళూరులలోనే స్థిరపడ్డాయి. కలిసే కంపెనీలు కొన్నైనా ఉంటే తప్ప స్విచ్ ఉపయోగపడదు. కంపెనీలేమో అప్పటికే డేటా ఎక్కువున్న చోటికే పోతాయి. చాలా వర్ధమాన దేశాల జిల్లా పట్టణాలకూ ఇదే చిక్కు. గూగుల్, నెట్‌ఫ్లిక్స్ వంటి సంస్థలు స్థానిక కంపెనీల ఆవరణలో పెట్టే, ఎక్కువగా చూసే వీడియోల నకళ్లను దాచే కాష్ సర్వర్లు వీడియోల భారాన్ని కొంత తగ్గిస్తాయి. రెండు స్థానిక నెట్‌వర్కుల మధ్య నడిచే డేటాకు మాత్రం అవి దారి చూపవు.

ఇటీవలి పరిణామాలు

2022 నవంబరులో ట్రాయ్ డేటా సెంటర్లు, ఎక్స్ఛేంజ్‌లపై సిఫార్సులు చేస్తూ, ఎక్స్ఛేంజ్‌లకు ప్రత్యేక అనుమతి విధానం ఉండాలని సూచించింది. 2025 అక్టోబరులో గూగుల్ విశాఖపట్నంలో అయిదేళ్లలో 1,500 కోట్ల డాలర్లతో కృత్రిమ మేధ కేంద్రాన్ని, దానితోపాటు సముద్రగర్భ కేబుళ్ల ద్వారాన్ని ప్రకటించింది. అదే నెలలో సిఫీ సంస్థ అక్కడ కేబుల్ ల్యాండింగ్ స్టేషన్‌కు శంకుస్థాపన చేసింది. ఇవి పూర్తయితే దేశాంతర డేటాకు ముంబై, చెన్నై వంటి చోట్లే కాక మరో తీరం దొరుకుతుంది. సీమ పట్టణాల డేటా సీమలోనే తేలాలంటే మాత్రం స్థానిక కంపెనీలు కడపలోనో కర్నూలులోనో ఒకే స్విచ్ దగ్గరికి రావలసి ఉంటుంది.