సైనికుని రికార్డులో యుద్ధ గాయం: నమోదు తప్పితే సవరణ ఎలా?

యుద్ధరంగంలో గాయపడిన సైనికునికి అందే పింఛను గాయం తీవ్రత ఒక్కదానిపైనే ఆధారపడదు. ఆ గాయం సర్వీసు రికార్డులో ఏ పేరుతో నమోదయిందన్నదీ అంతే ముఖ్యం. తొలి నివేదికలో దొర్లిన పొరపాటు పదవీ విరమణ తరువాత కూడా సైనికుణ్ణి వెన్నాడుతుంది. దానిని సరిదిద్దుకొనే మార్గం చట్టంలో ఉంది. అయితే జాప్యం జరిగితే కొంత నష్టం తప్పదు.

వర్గీకరణలోనే తేడా

భారత సైన్యం ప్రాణనష్టాన్ని, గాయాలను రెండు విధాలుగా నమోదు చేస్తుంది. శత్రువుతో పోరులో, సైనిక చర్యల్లో సంభవించినవి ‘బ్యాటిల్ క్యాజువాలిటీ’. ఇతర ప్రమాదాలు, అనారోగ్యం ‘ఫిజికల్ క్యాజువాలిటీ’.

పింఛను నిర్ణయానికి వేరొక వర్గీకరణ ఉంది. రక్షణ మంత్రిత్వ శాఖ 2001 జనవరి 31న జారీ చేసిన ఉత్తర్వు మరణానికి, వైకల్యానికి దారితీసే కారణాలను ‘ఎ’ నుంచి ‘ఇ’ వరకు అయిదు వర్గాలుగా విభజించింది. విధి నిర్వహణలో జరిగే ప్రమాదాలు ‘సి’ వర్గంలోకి, యుద్ధం, సరిహద్దు ఘర్షణలు, ప్రభుత్వం ప్రత్యేకంగా నోటిఫై చేసిన సైనిక చర్యలు ‘ఇ’ వర్గంలోకి వస్తాయి. నియంత్రణ రేఖ సమీపంలో మందుపాతరలు అమర్చేటప్పుడు గాని, తొలగించేటప్పుడు గాని అవి ప్రమాదవశాత్తు పేలినా అది ‘ఇ’ వర్గమే. నివేదికలో ‘ప్రమాదం’ అన్న ఒక్క మాట ఆధారంగా అటువంటి గాయాన్ని ‘సి’ వర్గంలో చేర్చే ఆస్కారం ఉంది.

ఆ ఉత్తర్వు ప్రకారం నూరు శాతం వైకల్యానికి సాధారణ వైకల్య భాగం చివరి వేతనంలో 30 శాతం. యుద్ధ గాయమైతే సర్వీసులో కొనసాగి విరమించిన వారికి 60 శాతం, గాయం కారణంగానే సర్వీసు కోల్పోయిన వారికి నూరు శాతం లభిస్తుంది. ఉదాహరణకు, లెక్కలోకి వచ్చే వేతనం 40,000 రూపాయలు, వైకల్యం 50 శాతం అనుకుంటే, విరమించిన సైనికునికి ఈ భాగం కింద నెలకు 6,000 రూపాయలకు బదులు 12,000 రూపాయలు అందాలి.

శత్రువు ప్రత్యక్ష చర్యలో గాయపడిన వారికి ఇచ్చే పరాక్రమ పదకానికి అర్హత వేరు. అందువల్ల పింఛను, పదకం కోసం విడివిడిగా అభ్యర్థించడం మేలు.

ఏ పత్రాలు కావాలి?

సంఘటన జరిగిన రోజుల్లో తయారైన పత్రాలకే ఎక్కువ విలువ. యూనిట్ పంపిన తొలి సందేశం, గాయం నివేదిక, కోర్ట్ ఆఫ్ ఎంక్వైరీ నిర్ణయాలు, ఆసుపత్రి కేస్ షీట్, పార్ట్-2 ఆర్డర్, విరమణ సమయంలో మెడికల్ బోర్డు ఇచ్చిన నివేదిక ఇందులో ప్రధానమైనవి. తన రికార్డుల ప్రతులను సమాచార హక్కు చట్టం కింద కోరవచ్చు. నాడు వెంట ఉన్న సహచరుల ప్రమాణ పత్రాలు వీటికి బలం చేకూరుస్తాయి.

ఎవరిని ఆశ్రయించాలి?

మొదటి దరఖాస్తు తన రెజిమెంట్ లేదా కోర్‌కు చెందిన రికార్డ్స్ కార్యాలయానికి పంపాలి. ఈఎంఈ, ఆర్డినెన్స్ కోర్ల రికార్డ్స్ కార్యాలయాలు సికింద్రాబాద్‌లోనే ఉన్నాయి. దరఖాస్తు విషయంలో జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం సహాయం కోరవచ్చు.

దరఖాస్తును తిరస్కరిస్తే సాయుధ బలగాల ట్రైబ్యునల్‌ను ఆశ్రయించాలి. 2007 నాటి చట్టం కింద ఏర్పడిన ఈ ట్రైబ్యునల్ 2009లో ప్రారంభమైంది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ కేసులు చెన్నై బెంచ్ పరిధిలోకి వస్తాయి. తుది ఉత్తర్వు వెలువడిన ఆరు నెలల్లో దరఖాస్తు చేయాలి. అభ్యర్థనకు ఆరు నెలలు గడిచినా జవాబు రాకపోతే, అక్కడి నుంచి మరో ఆరు నెలల గడువు ఉంటుంది. తగిన కారణం చూపితే జాప్యాన్ని మన్నించే అధికారం ట్రైబ్యునల్‌కు ఉంది.

న్యాయస్థానాల వైఖరి

పింఛను నెలనెలా అందవలసినది కనుక, దానిని నిరాకరించడం నెలనెలా కొనసాగే అన్యాయమని న్యాయస్థానాలు భావిస్తున్నాయి. అందువల్ల ఏళ్ల తరువాత కూడా కేసు నిలుస్తుంది. కానీ బకాయిలను సాధారణంగా కేసు దాఖలుకు ముందు మూడేళ్లకే పరిమితం చేయాలని సుప్రీంకోర్టు 2008లో స్పష్టం చేసింది. పదేళ్ల క్రితమే హక్కు ఏర్పడినా, మొదటి ఏడేళ్ల సొమ్ము చేతికి రాకపోవచ్చు.

నమోదులో ఒక్క మాట మారితే కుటుంబాలకు ఏమవుతుందో 2024 డిసెంబరులో సుప్రీంకోర్టు ముందుకు వచ్చిన కేసు చూపింది. నియంత్రణ రేఖ వద్ద తీవ్ర ప్రతికూల వాతావరణంలో గస్తీలో ఉండగా అస్వస్థతకు గురై మరణించిన సైనికుణ్ణి తొలుత ‘బ్యాటిల్ క్యాజువాలిటీ’గా నమోదు చేసి, తరువాత ‘ఫిజికల్ క్యాజువాలిటీ’గా మార్చారు. ఆయన భార్యకు ఉదారీకృత కుటుంబ పింఛను ఇవ్వాలన్న ట్రైబ్యునల్ తీర్పును న్యాయస్థానం సమర్థించింది. ఆమెను సుప్రీంకోర్టు వరకు లాగి ఉండకూడదని వ్యాఖ్యానించి, 50,000 రూపాయల ఖర్చులు చెల్లించాలని కేంద్రాన్ని ఆదేశించింది.

సర్వీసు ముగిసే రోజునే రికార్డును ఒకసారి చదివి, గాయం ఏ వర్గం కింద ఉందో చూసుకోవడం అన్నింటికన్నా సులువైన జాగ్రత్త.