నాంపల్లి నుమాయిషు

వారమునకొకనాడు జరుగు సంత మనకందరికిని తెలిసినదే. ఏటికొకమారు దేవుని పేర జరుగు జాతరయు తెలిసినదే. ఈ రెంటి పోలికయు గలిగి, ఏ దేవుని పేరును లేక, హైదరాబాదున నాంపల్లియందు ఏటేట జనవరి మొదలు ఇంచుమించు 45 దినములు దీపముల వెలుతురున సాగు గొప్ప యంగడి యొకటి కలదు. దానిని నుమాయిషందురు. దాని పుట్టుక యంగడి కొరకు కాదు. ఆ సంగతియే నేడు మీకు విన్నవింపదలచితిని.

1938వ సంవత్సరమున ఉస్మానియా విశ్వవిద్యాలయ పట్టభద్రులు కొందరు, నిజాము రాజ్యమున ఏ యూర నేమి తయారగుచున్నది, పనివానికి గిట్టుచున్నదా లేదా యని ఆర్థిక పరిశీలన జరుపనెంచిరి. అందులకు ధనము లేదు. ధనము కూర్చుటకై నాటి వస్తువులను ప్రదర్శనమునకు పెట్టిరి. వారి మూలధనము రెండున్నర రూపాయలని చెప్పుకొందురు. ఏడవ నిజాము మీర్ ఉస్మాన్ అలీఖాను పబ్లిక్ గార్డెన్సులో దానిని ప్రారంభించెను. నుమాయిషె మస్నూఆతె ముల్కీ యని దాని పూర్తి పేరు. స్వదేశపు చేతి సరకుల ప్రదర్శనమని యర్థము. ఆదిలో అది పది దినముల ముచ్చటయే.

జనము పెరుగగా, సర్ మీర్జా ఇస్మాయిల్ ప్రధానమంత్రిగా నుండిన 1946లో అది నాంపల్లిలోని నేటి మైదానమునకు మారెను. 1947, 1948 సంవత్సరముల కల్లోలమున సాగలేదు. రాజ్యము భారతదేశమున కలిసిన పిమ్మట, 1949లో గవర్నరు జనరలు రాజగోపాలాచారిగారు మరల ప్రారంభించిరి. అప్పుడు పేరునుండి ముల్కీ యను మాట పోయి, అఖిల భారత పారిశ్రామిక ప్రదర్శన మయ్యెను. కాశ్మీరు శాలువలును లక్నో కుట్టుపనియు మన గద్వాల, పోచంపల్లి చీరల ప్రక్కకు వచ్చి కూర్చుండెను. ఇది మన సాలెవానికి నష్టమని కొందరందురు. నాకట్లు తోచదు. దళారి లేక కొనువాని ముఖము చూచి బేరమాడు అవకాశము వానికి ఏడాదిలో ఎన్నిమార్లు దొరకును?

నేను ఎనిమిదేండ్ల వాడనై యుండగా మా నాయన వెంట పోయితిని. నాంపల్లి స్టేషనులో దిగి నడిచిపోయితిమి. ఆబిద్సు దుకాణములు ముందు చూపుమని నేను మారాము చేయగా, ఆరవ నిజాము కొలువున నుండిన ఆల్బర్ట్ ఆబిదు పెట్టిన యంగడి వలన ఆ చోటికా పేరు వచ్చెనని చెప్పి, తిరుగు దారిలో చూతమనెను. లోపల పిల్లల రైలుబండి, రంగులరాట్నము, మృత్యుకూపమున గోడపై గిరగిర తిరుగు మోటారుసైకిలు! దానిని నోరు తెరచి చూచుచు నాయన చేయి విడిచితిని. కొంతసేపటికి లౌడుస్పీకరున నా పేరును మా యూరి పేరును వినవచ్చెను. ఏడ్చుచున్న నాకు మిరపకాయ బజ్జీ యిప్పించి, "ఇంటికాడ అమ్మతో చెప్పకురా" యని నాయన యనెను. ఆబిద్సు మాట యిద్దరమును మరచితిమి.

టిక్కెట్ల వలనను అంగళ్ల యద్దెల వలనను వచ్చు లాభము ఎవరి యింటికిని పోదు. ఎగ్జిబిషన్ సొసైటీ దానితో విద్యాలయములు నడుపుచున్నది. సరోజినీ నాయుడు వనితా మహావిద్యాలయము, కమలా నెహ్రూ పాలిటెక్నిక్ అట్టివే. మనము బేరమాడి కొన్న దుప్పటి వెనుక ఎవరి కూతురి చదువో కొంత యుండును.

2019 జనవరి 30 రాత్రి మైదానమున నిప్పంటుకొని వందలాది అంగళ్లు కాలిపోయెను. దైవవశమున ప్రాణములు దక్కెను, సరకు దక్కలేదు. అయినను కొలది దినములకే ద్వారములు తెరిచిరి. 2021లో కరోనా మహమ్మారి వలన అసలే జరుగలేదు.

2020లో నేను పోయినప్పుడు, ఏటేట నాకు శాలువ అమ్ము కాశ్మీరు వర్తకుని వెదకితిని. వాడు ముందటి యేడు సర్వమును పోగొట్టుకొన్నవాడు. అరువు సరకు తెచ్చి, మరియొక వరుసలో చిన్న బల్ల వేసికొని కూర్చుండెను. ఆనాడు నేను బేరమాడలేదు.