నికెల్ రిమ్ గోడ

కెనడాలోని ఒంటారియో రాష్ట్రంలో, సడ్‌బరీ పట్టణం దగ్గర నికెల్ రిమ్ అని ఒక గని ఉండేది. 1953లో తెరిచారు, 1958లో మూసేశారు. ఆ అయిదేళ్లూ రాగి, నికెల్ తీశారు. రాయిని పొడి చేసి లోహం లాగేశాక మిగిలిన వ్యర్థాన్ని అక్కడే పోసి వెళ్లిపోయారు.

ఆ పొడిలో ఇనుము, గంధకం కలిసిన ఖనిజాలున్నాయి. గాలి, వాన తగిలేకొద్దీ అవి విడిపోయి ఇనుమూ సల్ఫేటూ నేలలోకి దిగాయి. దాదాపు నలభై ఏళ్లు ఇదే తంతు. భూగర్భంలో ఆ నీటి పీహెచ్ 5.8. అంటే ఆమ్లగుణం మరీ ఎక్కువేమీ కాదు. మోసమంతా అక్కడే ఉంది. లీటరు నీటిలో 250 నుంచి 1300 మిల్లీగ్రాముల ఇనుము కరిగి ఉంది. ఆ నీరు ఊరుతూ వెళ్లి సరస్సులో కలిసి, గాలి సోకగానే ఇనుము తుప్పుగా మారి అడుగుకు దిగుతుంది. ఆ మార్పులోనే ఆమ్లం పుడుతుంది. నేలలో ఉన్నంతసేపూ బయటపడని ప్రమాదం చేపల దగ్గరికి చేరాక బయటపడుతుందన్నమాట.

గని నీటికి చేపలు చావడం కొత్త సంగతి కాదు. 1556లో అచ్చయిన, అగ్రికోలా అనే పండితుడి గనుల గ్రంథంలోనే ఆ ఫిర్యాదు ఉంది. కారణం తెలియడానికి మాత్రం చాలా కాలం పట్టింది. 1947లో కోల్మర్, హింకిల్ అనే అమెరికన్ శాస్త్రజ్ఞులు గనుల ఆమ్ల జలాల్లో ఒక బ్యాక్టీరియాను గుర్తించారు. ఇనుమును ఆక్సీకరించి బతికే ఈ జీవి ఆమ్లం తయారయ్యే వేగాన్ని ఎన్నో రెట్లు పెంచుతుంది. విరుగుడు అంతకు ముందే దొరికి ఉంది. 1895లోనే హాలెండ్‌లోని డెల్ఫ్ట్‌లో బైయరింక్ అనే శాస్త్రజ్ఞుడు, గాలి లేని చోట సల్ఫేటును సల్ఫైడుగా మార్చే బ్యాక్టీరియాను వేరుచేశాడు. ఈ రెండు సంగతులూ ఒకచోట కలవడానికి దశాబ్దాలు గడిచాయి. 1980 ప్రాంతంలో ఒహాయో, వెస్ట్ వర్జీనియాల్లో నాచు పెరిగే చిత్తడి నేలల గుండా పారిన గని నీరు శుభ్రపడి బయటికి రావడం పరిశోధకుల కంటబడింది.

1995 ఆగస్టులో వాటర్లూ విశ్వవిద్యాలయానికి చెందిన డేవిడ్ బ్లోస్, షాన్ బెనర్ తదితరులు నికెల్ రిమ్‌లో, చిత్తడి నేల చేసిన ఆ పనిని నేల కిందికి దించారు. రెండు పక్కలా బండరాయి ఉన్న ఇరుకు లోయలో, భూగర్భ జలం వెళ్లే దారికి అడ్డంగా 15 మీటర్ల పొడవు, 4 మీటర్ల మందం, 3.6 మీటర్ల లోతున కందకం తవ్వారు. అందులో నింపినవి పురపాలక చెత్త ఎరువు, ఆకుల ఎరువు, చెక్క పేళ్లు, కొద్దిగా సున్నపురాయి. నీరు ఆగిపోకుండా సగం మేర సన్న గులకరాళ్లు కలిపారు. పైన బంకమట్టి కప్పారు. నీరు తనలోంచి దాటి వెళ్లే గోడ ఇదే. పంపు లేదు, కరెంటు లేదు.

ఎరువు కుళ్లుతూ ఆక్సిజన్‌ను తినేస్తుంది. ఆ చీకట్లో బైయరింక్ చూసిన జాతి బ్యాక్టీరియా ఎరువును మేస్తూ సల్ఫేటును సల్ఫైడుగా మారుస్తుంది. కుళ్లిన గుడ్ల వాసన వేసే ఆ సల్ఫైడు ఇనుముతో కలిసి నల్లటి మడ్డిగా గోడలోనే నిలిచిపోతుంది. గోడ దాటిన నీటిలో ఇనుము లీటరుకు 1 నుంచి 40 మిల్లీగ్రాములకు పడిపోయింది. పీహెచ్ 7కు చేరింది. ఆమ్లాన్ని పుట్టించబోయే నీరు ఆమ్లాన్ని విరిచే నీరైంది. గని ఆమ్ల జలానికి పూర్తిస్థాయిలో కట్టిన తొలి గోడ ఇదే.

దీనికీ హద్దులున్నాయి. చలికాలంలో బ్యాక్టీరియా మందగించింది. మూడేళ్లు తిరిగేసరికి ఎరువు సత్తువ కూడా తగ్గింది. మేత అయిపోతే మళ్లీ వేయాల్సిందే, వ్యర్థం మాత్రం అక్కడే ఉంటుంది.

అయిదేళ్లు నడిచిన గని నీటికి 37 ఏళ్ల తర్వాత గోడ కట్టాల్సి వచ్చింది. అందుకే గనికి అనుమతిచ్చే రోజునే, మూసేశాక నీటి బాధ్యత ఎవరిదో, ఖర్చెవరిదో కాగితం మీద తేలాలి. మన దగ్గర ఏ గని మీద ప్రజాభిప్రాయ సేకరణ జరిగినా, చుట్టుపక్కల ఊళ్లవాళ్లు ఎన్ని ఉద్యోగాలిస్తారని అడిగే ముందు ఈ ప్రశ్న అడగాలి.