ధర్మసంస్థలపై నిలిచిన నగరము

నేను నివసించుచున్న పిట్స్‌బర్గు నగరమున 64 అంతస్తుల సౌధమొకటి కలదు. అమెరికాలోని యొక పెద్ద యుక్కు కంపెనీ తన ప్రధాన కార్యాలయమునకై కట్టించుకొనిన యా సౌధశిఖరముపై 2008 నుండి యూపీఎంసీ యను వైద్యసంస్థ పేరు వెలుగుచున్నది. ఈ సంస్థకు వాటాదారులు లేరు; మిగులును ఎవరును పంచుకొనుటకు చట్టము సమ్మతింపదు. అయినను పెన్సిల్వేనియా రాష్ట్రమున మిక్కిలి యెక్కువమందికి జీతములిచ్చు సంస్థలలో నిది యొకటి. ధర్మసంస్థ యనగా దాతల దయపై బ్రదుకునదే యని తలచు మనవారికి ఈ వైభవము బోధపడవలెనన్న కొంత పూర్వచరిత్ర చెప్పవలసియున్నది.

ఈ రాష్ట్రము ఇంకను ఆంగ్లేయుల వలసగా నున్న 1751లో, ఫిలడెల్ఫియాలో ఆసుపత్రి స్థాపింప బూనిన థామస్ బాండ్ అను వైద్యునకు చందాలు చాలకపోగా, బెంజమిన్ ఫ్రాంక్లిన్ ఒక యుపాయము పన్నెను: ప్రజలు రెండువేల పౌనులు పోగుచేసినచో శాసనసభయు రెండువేలు ఈయవలెను. ప్రజలంత యీయజాలరనియు, ఖర్చు లేకయే తమకు దాతలన్న కీర్తి దక్కుననియు తలచి సభ్యులు సమ్మతించిరి. తామిచ్చిన ప్రతి పౌను రెండగునని విని ప్రజలు ఆ మొత్తమును మించి యిచ్చిరి.

ఉక్కు యజమాని యాండ్రూ కార్నెగీ, ధనికుడు బ్రదికియుండగనే తన సంపదను లోకహితమునకు వెచ్చింపవలెనని 1889లో వ్రాసెను. ఆ యేడే తన కార్ఖానా చేరువ బ్రాడక్ పట్టణమున ఆయన తెరిపించిన గ్రంథాలయమున, పనివాండ్రు మసి కడుగుకొనుటకై క్రింది యంతస్తున స్నానశాల సైతము ఏర్పాటయ్యెను. మూడేండ్లకు, 1892లో, సమీపమున హోంస్టెడ్ కార్ఖానాలో కూలి తగ్గింపు నెదిరించిన కార్మికులపైకి సాయుధులను రప్పించినదియు ఆయన కంపెనీయే. తక్కువ కూలి యిచ్చి మిగిల్చిన ధనముతో చేసిన దానము ఎవరి దానమను ప్రశ్న నాడే పుట్టినది.

ఈ ధర్మసంస్థల రంగమును మహావృక్షముగ పెంచినది మాత్రము పన్నుల చట్టము. 1913 నాటి యాదాయపు పన్ను ధర్మసంస్థలను మినహాయించెను. యుద్ధకాలమున పన్ను హెచ్చిన 1917లో దాతల కానుకలకును మినహాయింపు లభించెను. 1965లో వృద్ధులకు మెడికేర్, పేదలకు మెడికెయిడ్ అను ప్రభుత్వ వైద్యసహాయ పథకములు ఏర్పడగా ఆసుపత్రులకు ప్రభుత్వధనము ధారాళముగ రాసాగెను. నేడీ సంస్థల రాబడిలో అధికభాగము సేవలకు పుచ్చుకొను రుసుములును ప్రభుత్వధనమునే, కానుకలు స్వల్పాంశము. 2016 నాటికి దేశమంతట వీనిలో 1.23 కోట్ల మంది, అనగా ప్రైవేటు ఉద్యోగులలో పదింట నొకరు, పనిచేయుచుండిరి. 1980 ప్రాంతమున ఉక్కు కార్ఖానాలు మూతపడినప్పుడు ఈ నగరమునకు అన్నము పెట్టినవి ఆసుపత్రులును విశ్వవిద్యాలయములునే.

కాని ఆస్తిపన్ను సైతము లేని ఈ సంస్థల సౌధములు పెరిగినకొలది వీధులకును బడులకును వలయు ధనము తక్కిన గృహస్థులపై పడును. ఇంత సంపన్నమైన సంస్థకు మినహాయింపు తగునా యని 2013లో నగరపాలకులు యూపీఎంసీపై వ్యాజ్యము వేసి, మరుసటి యేడు విరమించుకొనిరి. ప్రశ్న మాత్రము విరమింపలేదు. ఇక్కడి పెన్‌హిల్స్‌లో మనవారు నిర్మించుకొనిన వేంకటేశ్వరాలయమును ఈ మినహాయింపు నీడనే యున్నది. మినహాయించిన ప్రతి డాలరును పొరుగువాడు చెల్లించుచున్నాడు గనుక, ఆ సంస్థల లెక్కలడుగు హక్కు దాతతోపాటు ఆ పొరుగువానికిని కలదు.