ఇరానీ చాయ్ ఏ ఒడ్డుది?

మన జంట నగరాల్లో మూలమీది ఇరానీ హోటల్ ఒకటి మూతబడి, ఆ జాగాలో బట్టల షోరూమో మందుల దుకాణమో వచ్చినప్పుడల్లా పత్రికల్లో ఒక వీడ్కోలు వ్యాసం పడుతుంది. రాసేవారు మారతారు గానీ కథ మారదు. గోల్కొండనేలిన కుతుబ్ షాహీల మూలపురుషుడు ఇరాన్‌లోని హమదాన్ నుంచి వచ్చాడు, ఆసఫ్ జాహీల దర్బారులో చాలాకాలం ఫారసీయే రాజభాష, కాబట్టి ఇరానీ చాయ్ కూడా దర్బారు నుంచే బజారుకు దిగింది అంటారు. ఇప్పుడు ఊరూరా వెలుస్తున్న కొత్త చాయ్ దుకాణాలు ఆ మాటనే బోర్డుకెక్కించాయి. చాయ్ చరిత్రంతా చార్మినార్ చుట్టూనే తిరుగుతోంది. హుస్సేన్ సాగర్‌కు ఇవతల ఉన్న మా సికింద్రాబాదుకు అందులో ఒక వాక్యం దక్కితే గొప్ప. సికింద్రాబాదు వాడిని కాబట్టి నాకు పక్షపాతం ఉందనే అనుకోండి. అయినా సాక్ష్యాలు వరసగా పేర్చి చూస్తే ఈ చాయ్ రైలు దిగి వచ్చిందే తప్ప దర్బారు మెట్లు దిగి రాలేదు.

ముందు కాలం లెక్క చూద్దాం. 1591లో హైదరాబాదుకు పునాది పడినప్పుడు పేష్వాగా ఉన్న మీర్ మొమిన్ అస్త్రాబాదీ ఇరాన్ వాడే, అందులో తగాదా లేదు. కానీ ఆ రోజుల్లో దక్కనులో టీ తాగే అలవాటే లేదు. అస్సాం తేయాకు లండన్ వేలంపాటకు తొలిసారి చేరింది 1839లో. మన దేశంలో సామాన్యుడి చేత టీ తాగించడానికి 1903 నాటి టీ సెస్సు సొమ్ముతో ప్రచారం చేయాల్సి వచ్చింది. స్టేషన్లలో, సంతల్లో టీ కాచి చూపించి మరీ అలవాటు చేశారు. ఇక ఇరాన్ సంగతి. లాహిజాన్‌లో తేయాకు తోటలు వేయించిన కాషెఫ్ అల్ సల్తనే హిందూస్థాన్‌లో ఇరాన్ కాన్సుల్‌గా పనిచేసినవాడు. 1900 ప్రాంతంలో ఆయన ఆ విత్తును తీసుకెళ్లింది మన కాంగ్రా లోయ నుంచి. తేయాకు సాగు మన దగ్గర నేర్చుకుని వెళ్లిన దేశం అంతకు మూడు వందల ఏళ్ల ముందే గోల్కొండకు పాల చాయ్ పంపిందనడం ఏ లెక్కకూ నిలవదు.

మరి ఇరానీలు ఎప్పుడు, ఏ దారిన వచ్చారు? 1870-72 కరువు ఇరాన్‌ను పిండేసింది. ఆ తర్వాతి దశాబ్దాల్లో యజ్ద్, కెర్మాన్ ప్రాంతాల నుంచి పొట్ట చేతపట్టుకుని బయల్దేరినవాళ్లకు తొలి మజిలీ బొంబాయి. అక్కడ ముందే స్థిరపడిన తమవాళ్ల దగ్గర పనికి కుదిరారు, వ్యాపారం నేర్చుకున్నారు, ఆ తర్వాత పుణె వైపూ ఇటు వైపూ కదిలారు. ఇటు కదలడానికి దారి వేసింది వాడి-సికింద్రాబాదు రైలుమార్గం. అది తెరుచుకున్నది 1874లో, సొంత హైదరాబాదుకు నాంపల్లి స్టేషన్ వచ్చింది 1907లో. అంటే ముప్పై ఏళ్లకు పైగా బొంబాయి వైపు నుంచి రైల్లో వచ్చిన మనిషి దిగింది సికింద్రాబాదులోనే. దిగినవాడికి గిరాకీ కూడా ఇక్కడే ఉంది: 1806 నుంచి కంటోన్మెంటు, దాని సిపాయిలు, రైల్వే ఉద్యోగులు, జనరల్ బజార్ వర్తకులు, బళ్లు తోలేవాళ్లు. పాలు కలిపిన టీ తాగడం దొరల నుంచి ముందుగా అలవాటైన జనం వీళ్లే. స్టేషన్ ఎదుట ఆల్ఫా దగ్గర తెల్లవారుజామునే గుమిగూడే జనాన్ని చూస్తే, ఈ వ్యాపారం ఎవరిని నమ్ముకుని బతికిందో విడమరచి చెప్పనక్కర్లేదు.

దీనికి పాతబస్తీ మిత్రుల నుంచి, ఆబిడ్స్ మిత్రుల నుంచి ఒక్కో అభ్యంతరం ఉంది. ఆబిడ్స్ వాళ్లు 1935 నాటి గ్రాండ్ హోటల్‌ను చూపిస్తారు. మా ప్యారడైజ్ 1953లో సినిమా హాలు పంచన చిన్న కేఫ్‌గా మొదలైందని గుర్తుచేస్తారు. నిజమే, పద్దెనిమిదేళ్లు వెనక. అయితే నేను వాదిస్తున్నది మొట్టమొదటి బోర్డు గురించి కాదు, వచ్చిన దారి గురించి. నేటికీ నిలిచి ఉన్న వాటిలో పాతది ఏదో తేలితే, నిలిచింది ఏదో తెలుస్తుంది. మొదలు ఎక్కడో తెలియదు. పైగా ఆబిడ్స్ కూడా మూసీకి ఉత్తరపు ఒడ్డే, నాంపల్లి స్టేషన్‌కు కూతవేటు దూరమే. అది దర్బారు పక్షానికి సాక్ష్యం చెప్పదు, నా పక్షానికే చెబుతుంది. ఇక చార్మినార్ నీడలో ఫొటోలు దిగుతూ జనం చాయ్ తాగే నిమ్రా కేఫ్ 1993లో తెరిచినది. చాయ్ బాగుంటుంది. కానీ ఆ ఫొటోల పుణ్యాన చాయ్ వయసుకు చార్మినార్ వయసు కలిసిపోతోంది.

అసలైన అభ్యంతరం ఒకటి వేరే ఉంది, దాన్ని దాటవేయకూడదు. ఇరాన్‌లో చిక్కటి డికాక్షన్‌ను సమోవార్ మీద దమ్‌కు పెట్టి, గ్లాసులో కొంచెం పోసి, వేడినీళ్లతో పలుచన చేస్తారు. చక్కెర పలుకు బుగ్గన పెట్టుకుని పాలు లేకుండా తాగుతారు. మన ఇరానీ హోటల్ కౌంటర్ వెనక చూడండి. మూతకు గుడ్డ చుట్టి బిగించిన రాగి పాత్రలో డికాక్షన్ సన్నని సెగ మీద మగ్గుతుంటుంది. పక్క పొయ్యి మీద పాలు మీగడ కట్టి, రంగు తిరిగి, చిక్కబడుతుంటాయి. కప్పులో ముందు డికాక్షన్, దాని మీద పాలు. రెండూ కలిసేది పొయ్యి మీద కాదు, కప్పులోనే. కాబట్టి ఈ పద్ధతిలో సగం ఇరాన్‌దేనని ఒప్పుకోవాలి. వేడినీళ్లు ఉండాల్సిన చోట మన బర్రె పాలు వచ్చాయి. అయితే ఈ సగం వాటా కూడా దర్బారుకు చెందదు. సమోవార్ పద్ధతిని చేతుల్లో మోసుకొచ్చింది యజ్ద్ పల్లెల నుంచి వచ్చిన కూలీ మనుషులు, ఫర్మానాలు రాసిన మున్షీలు కారు.

మిగతా నగరాలు ఈ మాటను రుజువు చేస్తాయి. బొంబాయిలో 1904 నాటి కయానీ, 1923 నాటి బ్రిటానియా జరతుష్ట్ర ఇరానీలవి. మనవాళ్లు ఎక్కువమంది షియా ముస్లింలు, తేడా మతం వల్ల వచ్చిందేమో అనొచ్చు. కానీ పుణెలో గుడ్‌లక్ కేఫ్ పెట్టింది ఇరానీ ముస్లిమే, అదీ మన గ్రాండ్ హోటల్ తెరిచిన 1935లోనే. అక్కడ పేరు మోసింది బన్ మస్కా. బొంబాయిలో బ్రున్, బెర్రీ పులావ్. చాయ్ పేరు మీదే ఊరు ఊగిపోయేది ఇక్కడొక్కచోటే. ఒకే మట్టి నుంచి వచ్చిన మనుషులు మూడు ఊళ్లలో మూడు రకాల బల్లలు పరిచారంటే, ఆ తేడా తెచ్చింది ఆయా ఊళ్ల గిరాకీయే. మన కప్పును చిక్కబరిచింది ఇక్కడి నాలుక.

ఈ తగాదా ఎందుకంటే, దర్బారు కథ ఒకరి కష్టాన్ని మరొకరి ఖాతాలో వేస్తోంది. మద్రాసు రాష్ట్రంలో బ్రాహ్మణ కాఫీ హోటళ్లు కులాన్ని బట్టి వేరే పంక్తి వేస్తున్న రోజుల్లో, ఇరానీ హోటల్ పాలరాతి బల్ల ముందు ఎవరైనా కూర్చుని ఒక చాయ్‌ని ఇద్దరు పంచుకోవచ్చు. ఆబిడ్స్ ఓరియంట్ హోటల్లో మఖ్దూం మొహియుద్దీన్ గంటలకొద్దీ కూర్చోగలిగింది అలాంటి చోటు దొరికినందుకే. ఏ నవాబు దివాన్‌ఖానాలోనూ ఆ వెసులుబాటు లేదు. మన వారసత్వ చర్చలన్నీ దేవిడీల చుట్టూ, దర్వాజాల చుట్టూ తిరిగి మూలమీది హోటళ్ల దాకా రాకపోవడానికి కూడా ఈ దర్బారు మోజే కారణం. పాత మునిసిపల్ లైసెన్సులు, అద్దె పత్రాలు, యజ్ద్ నుంచి వచ్చిన కుటుంబాల కాగితాలు ఇంకా మిగిలి ఉండగానే సేకరిస్తే ఈ చరిత్రకు ఆధారం ఉంటుంది. అంతవరకు బోర్డు రాయించే యజమానులకు నాదొక్కటే మనవి: నిజాం పేరు తీసి యజ్ద్, బొంబాయి, వాడి, సికింద్రాబాదు అని రాయించండి. చార్మినార్ బొమ్మ కావాలంటే ఆ కింద చిన్నగా వేసుకోండి.