గాలానికి పేరుంది, కర్రకు లేదు

అమరకోశంలోని వారివర్గంలో చేపల వేటకు చెందిన మాటలు వరుసగా కనిపిస్తాయి. వల ఆనాయము, జాలము. జనుపదారం పవిత్రకము. చేపలు వేసుకొనే బుట్ట కువేణి. గాలం బడిశము. ఇంత శ్రద్ధగా పేర్లు కూర్చిన అమరసింహుడు గాలాన్ని మోసే కర్రకు అక్కడ పేరు చెప్పలేదు. తెలుగులోనూ గాలము, ఎర, బెండు అని వేర్వేరు మాటలున్నా, కర్ర మాత్రం 'గాలపు కర్ర'గానే మిగిలింది. ఇంగ్లీషువారి 'యాంగ్లింగ్' అనే మాటకు మూలమైన 'యాంగిల్' కూడా పూర్వం గాలానికే పేరు.

పేరు లేకపోయినా ఆ కర్రకు చరిత్ర ఉంది. నా దృష్టిలో అది ఒక వంశం కాదు, రెండు. గ్రంథాలకెక్కింది మాత్రం ఒకటే.

మొదటిది శ్రీమంతుల కర్ర. 1496లో ఇంగ్లండులో వింకిన్ డి వర్డ్ ముద్రించిన గాలపు వేట గ్రంథం, కర్రను ఎవరికి వారే తయారుచేసుకొనే పద్ధతి చెబుతుంది. 1653లో ఐజాక్ వాల్టన్ పుస్తకం వెలువడ్డాక ఈ వేట పెద్దమనుషుల వినోదంగా ప్రసిద్ధికెక్కింది. 1840లలో అమెరికాలోని ఈస్టన్ పట్టణంలో తుపాకులు, వయొలిన్లు చేసే శామ్యూల్ ఫిలిప్ వెదురును బద్దలుగా చీల్చి, వాటిని అతికించి కర్రలు చేశాడు. వెదురు బలమంతా పైపొరకు అంటిన నారలోనే ఉంటుంది. బద్దలను కోణాలుగా చెక్కి అతికిస్తే ఆ నార అంతా వెలుపలికి వస్తుంది, కర్ర సన్నగానూ గట్టిగానూ ఉంటుంది. 1870లలో హైరమ్ లెనర్డ్ ఆరు బద్దల కర్రకు పేరు తెచ్చాడు.

ఆ తొలి పనివారు వాడిన వెదురు మన దేశానిది. కలకత్తా రేవులో ఓడ ఎక్కినందున వారు దానిని 'కలకత్తా వెదురు' అన్నారు. అది మనం సాధనపు వెదురు అనే జాతి అని చెబుతారు. నల్లమల వెదురు ఆ ఓడలెక్కిందని నేననడం లేదు. జాతి ఒకటే అంటున్నాను. తరువాత దాని స్థానాన్ని 'టాంకిన్ వెదురు' ఆక్రమించింది. ఇదీ టాంకిన్‌ది కాదు, చైనాలోని గ్వాంగ్‌డాంగ్ ప్రాంతానిది. 1931లో మెక్‌క్లూర్ అనే శాస్త్రజ్ఞుడు దానికి మనోహరమని అర్థమిచ్చే 'అమాబిలిస్' అనే లాటిన్ పేరు పెట్టాడు. వెదురును నరికి మోసినవారి పేర్లు మాత్రం ఏ పుస్తకానికీ ఎక్కలేదు.

రెండవది పేదవాని కర్ర. అమెరికా దక్షిణ రాష్ట్రాలలో ఏటి ఒడ్డున పెరిగే సొంత వెదురు ఒకటి ఉంది. చెరొకీ, చాక్టా ప్రజలు దానితో బుట్టలల్లారు, ఊదుగొట్టాలు చేశారు. నల్లవారూ తెల్లవారూ అయిన పేద రైతులు దానినే నరికి, ఎండబెట్టి, కొసకు దారం కట్టి చేపలు పట్టారు. రీలు లేదు, అతుకు లేదు. మన పల్లెల్లో కాలువగట్టున పిల్లవాడు పట్టుకొనే కర్ర దానికి దాయాది.

ఈ రెండవ వంశం నేటికీ నిలిచి ఉందంటే అందుకు కారణం క్రాపీ అనే చేప. ఇది ఉత్తర అమెరికా మంచినీటి చేప. నల్లది, తెల్లది అని రెండు జాతులు. లూసియానాలో దీనిని ఫ్రెంచి మాటలతో 'పాలసంచి' అంటారు. దీని నోటి పొర కాగితమంత పలుచన. గట్టిగా లాగితే గాలం పొరను చీల్చుకొని వచ్చేస్తుంది. పైగా ఇది నీట మునిగిన మొద్దుల మధ్య, కొమ్మల మధ్య చేరుతుంది. 1811-12 శీతకాలపు భూకంపాల వల్ల ఏర్పడిన టెనెస్సీలోని రీల్‌ఫుట్ సరస్సు అటువంటి మొద్దులకు ప్రసిద్ధం. 20వ శతాబ్దంలో ఆనకట్టల వెనుక అడవులు మునిగి, ఇటువంటి చోట్లు ఇంకా పెరిగాయి.

కంపల మధ్యకు గాలం విసిరితే చిక్కుకుంటుంది. పైనుండి నిలువుగా దించాలి, పడ్డ చేపను నిలువుగానే ఎత్తాలి. కనుక పది, పదకొండు అడుగుల కర్ర కావాలి. దాని మొదలు గట్టిగా ఉంటే చేప కొమ్మకు చుట్టుకొనేలోగా పైకి వస్తుంది. కొస మెత్తగా ఉంటే నోరు చిరగదు. పడవను మెల్లగా నడుపుతూ వేటాడే పద్ధతి వేరు. పడవ ముందు సాలెపురుగు కాళ్ళవలె ఎన్నో కర్రలు పరుస్తారు. అవి పన్నెండు నుండి పదహారు అడుగులుంటాయి; ఎర పడవకు దూరంగా ఉంటే చేప బెదరదు. అక్కడ పడవ కదలికే గాలాన్ని దిగేటట్లు చేస్తుంది గనుక, కర్ర నిడుపుగా వంగాలి.

1940లలో గాజునార కర్రలు వచ్చాయి. 1950 డిసెంబరులో అమెరికా చైనా వ్యాపారాన్ని నిషేధించగా టాంకిన్ వెదురు రాక ఆగింది, గాజునారకు ఎదురులేకపోయింది. 1970లలో కర్బననార కర్ర వచ్చి పొడవును తేలిక చేసింది. శ్రీమంతుల చీలిక వెదురు కర్ర నేడు ఎక్కువగా అపురూప వస్తువుగా మిగిలింది. పేదవాని పొడుగు కర్ర మాత్రం పదార్థం మార్చుకొని, ఆ కంపల మధ్యనే పనిచేస్తున్నది.

నేడు దుకాణంలో క్రాపీ కర్రను ఎంచుకొనేవాడు ధరనూ మెరుపునూ చూసేముందు చేప నోటిని, అది దాగిన చోటిని తలచుకోవాలి. అక్షరం రాని రైతు ఏటి ఒడ్డున వెదురును వంచి చూసి నరికినప్పుడు చేసిన పరీక్ష కూడా అదే. ఆ పరీక్షను ఎవరూ గ్రంథస్థం చేయలేదు గనుక చరిత్ర కాదనుకోవడం మనవంటి పుస్తకాల వాళ్ళ అలవాటు.

చదువరులకు ఒక మనవి. మీ ఊళ్ళో, ముఖ్యంగా కొల్లేటి పక్కన, గోదావరి లంకల్లో, గాలపు కర్రకు విడిగా పేరేదైనా ఉంటే దయచేసి తెలుపగలరు. నిఘంటువుల్లో నాకు దొరకనిది మీ తాతగారి నోట ఉండవచ్చు.