తెగిన నరం, తోడునిలిచే కొవ్వు

మన వాడుకలో కొవ్వుకు గౌరవం తక్కువ. "కొవ్వెక్కింది" అనడం తిట్టే గాని పొగడ్త కాదు. అటువంటి కొవ్వును తెగిన నరానికి తోడుగా పిలిచిన వైనం నన్ను ఎంతగానో ఆకర్షించింది. ఆ చరిత్రను క్లుప్తంగా మీతో పంచుకుంటాను.

1839లో కణసిద్ధాంత గ్రంథాన్ని వెలువరించిన థియొడోర్ ష్వాన్, నరపు తంతువులను అంటిపెట్టుకొని ఉండే కణాలను వర్ణించాడు. అవి నేటికీ ఆయన పేరుతోనే చలామణీ అవుతున్నాయి. 1850లో ఆగస్టస్ వాలర్ కప్ప నాలుక నరాలను కోసి, కోతకు ఆవలి తంతువులు శిథిలమవుతాయని లండన్‌లోని రాయల్ సొసైటీకి నివేదించాడు. ఆ శిథిలాలను తొలగించి, వరుసలుగా నిలిచి, కొత్త తంతువుకు దారి చూపేవి ష్వాన్ కణాలేనని తరువాతి పరిశోధనలు తేల్చాయి.

అయితే తంతువు పెరిగేది రోజుకు సుమారు 1 మిల్లీమీటరు. మోచేతి వద్ద తెగిన నరం అరచేతిని చేరడానికి నెలలు పడుతుంది. ఈలోగా కండరం క్షీణిస్తుంది. ఎదురుచూసే ష్వాన్ కణాలూ సత్తువ కోల్పోతాయి. అసలు పోటీ కాలంతోనే.

కొసల మధ్య దూరం ఎక్కువైతే, లాగి కుట్టడం కన్నా మధ్యలో మరో నరపు ముక్కను అతకడం మేలని వియన్నా వైద్యుడు హన్నో మిల్లేసి 1972లో చూపాడు. ఆ ముక్కను తరచు కాలి పిక్కలోని సూరల్ నరం నుండి తీస్తారు. ఫలితంగా పాదపు అంచున స్పర్శ పోతుంది. ఒక అప్పు తీర్చడానికి మరో అప్పు! ష్వాన్ కణాలనే పెంచుదామన్నా, వాటికోసమూ ఒక నరాన్ని కోయవలసిందే.

2001లో ప్యాట్రిషియా జుక్ బృందం, లైపోసక్షన్‌లో తీసిన కొవ్వులో పలురకాలుగా మారగల కణాలున్నాయని ప్రకటించింది. 2007లో కింగ్‌హామ్, టెరెంఘీ ప్రభృతులు ఎలుక కొవ్వు నుండి తీసిన అటువంటి కణాలకు వృద్ధికారకాలు అందించి, వాటికి ష్వాన్ కణాల పోలికలు తెప్పించారు. వాటి తోడుతో ప్రయోగపాత్రలోని నరకణాలు తంతువులు చాచాయి. 2010లో ఎలుక తుంటి నరంలోనూ, ఖాళీ గొట్టం కన్నా ఈ కణాలు నింపిన గొట్టమే మెరుగైన ఫలితమిచ్చింది.

అవి నిజంగా ష్వాన్ కణాలవుతున్నాయా, లేక పోషకాలను స్రవించి సాయపడుతున్నాయా అన్నది ఇంకా చర్చనీయాంశమే. మనుషులలో పెద్ద ఖాళీలకు నేటికీ నరపు ముక్కే ప్రామాణిక చికిత్స. ఎలుకలో దాటవలసింది ఒక సెంటీమీటరు. మనిషి చేతిలో అంతకు ఎన్నో రెట్లు. అయినా, ఒక చేతిని కాపాడడానికి ఒక పాదాన్ని మొద్దుబార్చనక్కరలేని రోజు కోసం సాగుతున్న ఈ శ్రమ వృథా కాదని నా నమ్మకం.